ముప్పై ఒకటో పేరు కొట్టేయండి

గత నెల మా సెక్షన్ వాట్సాప్ గ్రూప్‌లో ఒక గూగుల్ ఫామ్ తిరిగింది. మీలో చాలామంది నింపే ఉంటారు. ఫస్టియర్ ఇంజనీరింగ్ ఫిజిక్స్‌లో క్రిస్టల్ డిఫెక్ట్స్ యూనిట్ సీఎస్ఈ వాళ్లకి అనవసరం, దాని బదులు ఇంకో కోడింగ్ ల్యాబ్ ఇవ్వండి అని డిపార్ట్‌మెంట్‌కి పెట్టే అర్జీ అది. అందులో ముప్పై ఒకటో పేరు నాది. క్యాంటీన్‌లో దోసె వచ్చేలోపు నింపేశాను. ఆలోచించడానికి ఏముంది, ఆ యూనిట్ పుణ్యమా అని నాకు ఫస్ట్ సెమ్‌లో ఫిజిక్స్ బ్యాక్‌లాగ్ ఉండిపోయింది, సప్లీలో గట్టెక్కాను. పగ అనుకోండి.

ఇప్పుడు ఆ పేరు తీసేయమని రాస్తున్నాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగు కథ. ముందే ఒక మాట, నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. నా తెలుగులో వత్తులు తప్పితే క్లబ్ సీనియర్లు దిద్దారని అర్థం చేసుకోండి, దిద్దకపోతే వాళ్లని అడగండి.

మా మామయ్యకి విజయవాడ ఆటోనగర్‌లో డెంటింగ్ షెడ్ ఉంది. పోయిన సెలవుల్లో అత్తయ్య రోజూ మధ్యాహ్నం క్యారియర్ ఇచ్చి నన్ను పంపేది. ఒకరోజు వెళ్లేసరికి ఒక పాత కారు మడ్‌గార్డ్ ముందు మామయ్య చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. వెనక డాలీ ఆనించి ముందు నుంచి సుత్తితో కొడుతున్నాడు. సొట్ట సగం వచ్చింది, మిగతా సగం రావట్లేదు. సుత్తి కింద పడేసి, "మొండికేసిందమ్మా ఈ రేకు. కొట్టేకొద్దీ మొండికేస్తది. కాస్త కాక చూపించాలి" అని గ్యాస్ టార్చి అందుకున్నాడు. మంట చూపించి చల్లారాక మళ్లీ కొడితే రేకు మాట వింది.

నేను అక్కడే క్యారియర్ పట్టుకుని నిలబడి ఉన్నాను. నాకు బుర్రలో ఏదో తట్టింది కానీ పేరు గుర్తు రాలేదు. రాత్రి ఇంటికొచ్చి ఆ పాడు యూనిట్ నోట్స్ తీస్తే కనిపించింది: "స్ట్రెయిన్ హార్డెనింగ్, రెండు మార్కులు." నేను బట్టీ పట్టి, పరీక్షలో తప్పు రాసి, ఫెయిలైన ముక్క. మామయ్య టెన్త్ దాకా కూడా చదవలేదు. ఆయన దాన్ని మొండికేయడం అన్నాడు. నిజంగా చెప్పండి, ఈ రెండు పేర్లలో ఏది వింటే లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలనిపిస్తుంది?

లోపల జరిగేది ఇదీ. లోహంలో అణువులు గల్లంతుగా ఉండవు, పళ్లెంలో గోళీలు పేర్చినట్టు వరసలు వరసలుగా ఉంటాయి. రేకు వంగిందంటే ఒక పొర ఇంకో పొర మీద జారిందని అర్థం. పొర మొత్తం ఒక్కసారిగా జరగాలంటే ఎంత బలం కావాలో 1926లో ఫ్రెంకెల్ లెక్క కట్టాడు. ఆ లెక్క ప్రకారం రాగి తీగని చేత్తో వంచడం ఎవరి వల్లా కాకూడదు. కానీ స్వచ్ఛమైన లోహాలు ఆయన చెప్పిన బలంలో వెయ్యో వంతు కూడా లేకుండానే లొంగిపోతాయి. లెక్కలో తప్పు లేదు. జారే పద్ధతే వేరు.

పెళ్లి పందిట్లో పెద్ద జంపఖానా జరపడం చూశారా? మొత్తాన్ని ఒకేసారి లాగితే కదలదు. ఒక చివర చిన్న మడత లేపి, ఆ మడతని అవతలి అంచు దాకా తోసుకుంటూ పోతే జంపఖానా మడతంత మేర జరుగుతుంది. లోహంలోనూ అలాంటి మడత ఒకటి ఉంటుంది. అణువుల వరసల్లో ఒక సగం వరస ఎక్కువై మధ్యలో ఆగిపోయిన చోట, ఆ అంచు వెంట ఒక గీతలా. అదే డిస్‌లొకేషన్. ఆ గీత కదిలితే ఒక్కో అడుగుకీ ఒక్క వరస బంధాలే తెగి అతుక్కుంటాయి, అందుకే తక్కువ బలం చాలు. 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ మూడు వేర్వేరు వ్యాసాల్లో ఈ మాట చెప్పారు. అప్పటికి ఎవరూ దాన్ని చూడలేదు. లెక్క కుదరాలంటే అలాంటిది ఉండి తీరాలి అన్నారంతే. కేంబ్రిడ్జిలో హిర్ష్, హార్న్, వేలన్ పల్చటి అల్యూమినియం రేకులో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద అవి పరుగెత్తడం కళ్లారా చూసింది 1956లో. ఇరవై రెండేళ్లు! మనం కోడ్‌లో కనిపించని బగ్ ఉందని ఇరవై రెండు నిమిషాలు నమ్మం.

తెలుగులో దీనికి మాట కోసం వెతికాను. స్థానభ్రంశం అని వాడొచ్చు, కానీ డిస్‌ప్లేస్‌మెంట్‌కి కూడా స్కూల్ పుస్తకాల్లో అదే మాట. ఒకే ప్రోగ్రామ్‌లో రెండు వేరియబుల్స్‌కి ఒకే పేరు పెట్టినట్టు ఉంటుంది. అందుకని డిస్‌లొకేషన్ అనే రాస్తాను, భాషాభిమానులు క్షమించండి.

ఇంతవరకు ఒంటరి గీత సంగతి. అసలు మజా ఆ గీతకి దార్లో ఏదైనా అడ్డం వచ్చినప్పుడు మొదలవుతుంది. నా ఉద్దేశంలో ఈ యూనిట్ మొత్తం అదే. మనకి మాత్రం పాయింట్ డిఫెక్ట్స్ ఎన్ని రకాలు, లైన్ డిఫెక్ట్స్ ఎన్ని రకాలు అని విడివిడిగా జాబితాలు చెప్పించారు. పెళ్లికొచ్చిన చుట్టాల పేర్లన్నీ చదివి, ఎవరు ఎవరితో గొడవపడ్డారో చెప్పకుండా దాటేసినట్టు.

మన ఇళ్లలో తెలిసిన అడ్డంతోనే మొదలుపెడదాం. 24 క్యారెట్ల బంగారంతో గాజులు చేయించరు, మెత్తగా వంగిపోతాయని అమ్మమ్మలందరికీ తెలుసు. 22 క్యారెట్లలో, అంటే 91.6 శాతం బంగారంలో, మిగతాది రాగీ వెండీ. రాగి అణువు బంగారం అణువు కంటే చిన్నది. అది వరసలో కూర్చున్నచోట చుట్టుపక్కల అణువులు కాస్త లోపలికి లాగబడతాయి. డిస్‌లొకేషన్ చుట్టూ కూడా ఒక వైపు నొక్కుడు, ఒక వైపు సాగుడు ఉంటాయి. ఈ రెండు వత్తిళ్లూ ఒకదాన్నొకటి పసిగడతాయి. గీత అక్కడికొచ్చి తట్టుకుంటుంది. వెండి అణువు సైజు దాదాపు బంగారంతో సమానం, అందుకే వెండి ఒక్కటే కలిపితే అంత గట్టిపడదు. కంసాలి ఇది అణువుల భాషలో చెప్పకపోవచ్చు. కానీ రాగి ఎందుకు కలుపుతున్నాడో ఆయనకి తెలుసు.

ఇనుములో కార్బన్ ఇంకా గడుసుది. చిన్న అణువు కాబట్టి ఇనుప అణువుల సందుల్లోంచి నడుచుకుంటూ వెళ్లి, డిస్‌లొకేషన్ దగ్గర ఎక్కడ ఖాళీ ఎక్కువుంటే అక్కడ గుంపుగా చేరుతుంది. సెలబ్రిటీ కారు చుట్టూ జనం మూగినట్టు. కారు కదలాలంటే ముందు జనాన్ని తప్పించుకోవాలి. కాట్రెల్, బిల్బీ 1949లో ఈ సంగతి లెక్కలతో సహా చెప్పారు. మెత్తని ఉక్కుని లాగే ప్రయోగంలో గ్రాఫ్ ఒక్కసారి పైకెళ్లి టక్కున కిందకి పడే ఆ మూపురం ఇదే, గీత జనంలోంచి విడిపించుకున్న క్షణం. సివిల్, మెకానికల్ ఫ్రెండ్స్‌కి ఆ గ్రాఫ్ నోటికి వచ్చు, మూపురం ఎందుకో అడగండి ఒకసారి. (అడిగాను. అందుకే చెప్తున్నాను.)

కార్ల కంపెనీలు దీన్ని ఎంత తెలివిగా వాడుకుంటాయో తెలిసి నేను మామయ్యకి ఫోన్ చేసి మరీ చెప్పాను. తలుపులకీ బానెట్లకీ వాడే ఒక రకం ఉక్కు ఉంది, బేక్ హార్డెనింగ్ స్టీల్ అంటారు. ప్రెస్‌లో అచ్చు గుద్దేటప్పుడు మెత్తగా ఉంటుంది, ఏ ఆకారం కావాలంటే ఆ ఆకారం వస్తుంది. ఆ గుద్దుడుకి లోపల బోలెడు డిస్‌లొకేషన్లు పుడతాయి. తర్వాత పెయింట్ ఆరడానికి ఇంచుమించు 170 డిగ్రీల ఓవెన్‌లో ఇరవై నిమిషాలు పెడతారు. ఆ వేడికి కార్బన్ అణువులు నడిచి వెళ్లి గీతలన్నిటినీ పట్టుకుంటాయి. రంగు ఆరేలోపు రేకు గట్టిపడిపోతుంది, అదనపు ఖర్చు లేకుండా. మామయ్య మొత్తం విని, "అందుకే కొత్త బళ్ల రేకు మొదటి దెబ్బకే ఎదురుతిరుగుతోంది" అన్నాడు. తర్వాత, కొన్ని కొత్త రేకులకి మంట చూపిస్తే బలం పోతుందని కంపెనీ వాళ్లు వద్దంటారని ఆయనే నాకు చెప్పాడు. ఎక్కువ బలంగా ఉండేలా ప్రత్యేకంగా తయారు చేసిన ఉక్కు అది, వేడికి ఆ లోపలి ఏర్పాటంతా చెదిరిపోతుంది. ఆ ఫోన్‌లో ఎవరు ఎవరికి పాఠం చెప్పారో నాకు తెలీదు.

అల్యూమినియం కథ క్లుప్తంగా చెప్తాను. 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ అల్యూమినియంలో కొంచెం రాగి, కొంచెం మెగ్నీషియం కలిపి, కాల్చి, నీళ్లలో ముంచి చల్లార్చాడు. అప్పుడు కొలిస్తే మామూలుగానే ఉంది. వారాంతం గడిచాక కొలిస్తే చాలా గట్టిపడింది, ఎవరూ ముట్టుకోకుండానే. రాగి అణువులు నెమ్మదిగా గుంపులు కట్టాయని తేలడానికి 1938 దాకా పట్టింది, గినియే, ప్రెస్టన్ ఎక్స్‌రేలతో పట్టుకున్నారు. ఆ గుంపులే డిస్‌లొకేషన్లకి అడ్డుగోడలు. నాకు బాగా నచ్చిందేంటంటే, 1903లో రైట్ సోదరుల విమానం ఇంజన్ క్రాంక్‌కేస్ కూడా అల్యూమినియం, రాగి కలిపి పోత పోసినదే. దాని ముక్కని 1990లలో పరీక్షిస్తే అందులో ఇవే గుంపులు కనిపించాయి. విల్మ్ కంటే మూడేళ్ల ముందు, పోత పోసినవాళ్లకి తెలియకుండానే వచ్చిన గట్టిదనం అది.

ఇక మళ్లీ ఆ మొండి రేకు దగ్గరికి. అక్కడ అడ్డం వచ్చింది కార్బన్ ఒక్కటే కాదు. డిస్‌లొకేషన్లకి ఎక్కువ అడ్డం వచ్చేది వేరే డిస్‌లొకేషన్లే. సుత్తి దెబ్బ పడ్డ ప్రతిసారీ కొత్తవి పుడతాయి. ఒక దిశలో పోయేది ఇంకో దిశలో నిలబడ్డవాటిని కోసుకుంటూ పోవాలి. కోసినచోట దాని మీద చిన్న మెట్టు పడుతుంది, ఆ మెట్టు ఈడ్చుకుంటూ పోవడం కష్టం. కొన్నిచోట్ల రెండు కలిసి ఎటూ కదలని ముడి అవుతాయి. వెనక వచ్చేవి ఆ ముడి దగ్గర క్యూ కడతాయి. సాయంత్రం బెంజ్ సర్కిల్ అనుకోండి.

ఎన్ని ఉంటాయో తెలిస్తే నమ్మరు. చక్కెర బిళ్లంత, అంటే ఒక ఘన సెంటీమీటర్, బాగా కాల్చి నెమ్మదిగా చల్లార్చిన లోహంలో ఈ గీతలన్నీ కలిపి కొలిస్తే సుమారు పది కిలోమీటర్లు వస్తాయి. అదే లోహాన్ని చల్లగా ఉండగా చితక్కొడితే పది లక్షల కిలోమీటర్ల దాకా పోతుంది. చంద్రుడి దగ్గరికి వెళ్లి తిరిగొచ్చినా ఇంకా మిగులుతుంది. మామయ్య మంట చూపించినప్పుడు అణువులకి కదిలే ఓపిక వస్తుంది. ఎదురుబొదురు గీతలు కలిసి మాయమైపోతాయి, ముడులు విడతాయి, బాగా వేడెక్కితే కొత్త శుభ్రమైన రేణువులే పుడతాయి. ట్రాఫిక్ క్లియర్.

ఇక్కడ నాకో చిన్న కోపం కూడా ఉంది, చెప్పేస్తాను. ఒక ఓరియంటేషన్‌లో ఒక మోటివేషనల్ స్పీకర్ వచ్చి "లోహానికి లోపాలే బలం, మీ బ్యాక్‌లాగ్‌లే మీ బలం" అన్నారు. హాలంతా చప్పట్లు, అప్పుడే ఫెయిలైన నేనైతే లేచి నిలబడి కొట్టాను. కానీ చదివితే సంగతి వేరేలా ఉంది. శుభ్రమైన స్ఫటికంలో అడ్డూ ఆపూ లేకుండా కదిలే కొద్దిపాటి డిస్‌లొకేషన్లు లోహాన్ని మెత్తగా చేస్తాయి. 1952లో హెర్రింగ్, గాల్ట్ వెంట్రుక కంటే సన్నటి తగరపు మీసాలని వంచి చూశారు. వాటిలో కదిలే డిస్‌లొకేషన్లు దాదాపు లేవు, అవి మామూలు తగరం కంటే ఎన్నో రెట్లు గట్టిగా, ఫ్రెంకెల్ లెక్క దరిదాపుల్లో నిలబడ్డాయి. అంటే లోపం లేనిదే అన్నిటికంటే బలంగా ఉంది. లోపాలు విపరీతంగా పెరిగి ఒకదాన్నొకటి కదలనివ్వనప్పుడు బలం మళ్లీ వస్తుంది, నిజమే. కానీ ఊరికే రాదు. అలా గట్టిపడిన తీగకి వంగే గుణం పోతుంది, ఇంకో రెండుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది. ఇది పోస్టర్ మీద రాస్తే ఎవరూ చప్పట్లు కొట్టరు. నా బ్యాక్‌లాగ్ నాకేం బలం ఇవ్వలేదు, ఎండాకాలం సెలవుల్లో రెండు వారాలు తినేసింది.

సరే, ఇదంతా బాగుంది, సీఎస్ఈ వాళ్లకెందుకు అని అర్జీ రాసిన ఫ్రెండ్ నన్ను సూటిగా అడిగాడు. న్యాయమైన ప్రశ్న. సెమ్‌లో ఉన్న గంటలు ఎన్నో మనకి తెలుసు, ప్లేస్‌మెంట్ టెస్ట్‌లో ఎవరూ డిస్‌లొకేషన్ అడగరు. నా దగ్గర రెండు జవాబులున్నాయి.

మొదటిది మీ చేతిలో ఉన్న ఫోన్. దాని చిప్ తయారైన సిలికాన్‌లో డిస్‌లొకేషన్లు ఉండకూడదు. ఉంటే ఇందాక కార్బన్ ఇనుములో మూగినట్టే ఇక్కడ రాగీ ఇనుమూ లాంటి మలినాలు ఆ గీతల దగ్గర మూగుతాయి, కరెంట్ లీకవుతుంది. అదే ఆకర్షణ, కారు తలుపులో వరం, చిప్‌లో శాపం. మరి ఒక్కటి కూడా లేని స్ఫటికం ఎలా పెంచాలి? విత్తనంలాంటి చిన్న స్ఫటికాన్ని కరిగిన సిలికాన్‌కి తాకించగానే ఆ వేడి తేడాకే డిస్‌లొకేషన్లు పుట్టేస్తాయి. 1950ల చివర్లో విలియం డాష్ ఒక ఉపాయం చెప్పాడు: మొదట స్ఫటికాన్ని సన్నటి మెడలా, కొన్ని మిల్లీమీటర్ల మందంతో లాగు. సన్నటి మెడలో గీతలు పక్కకి పోయి ఉపరితలం దగ్గర అంతమైపోతాయి. తర్వాత లావు చేసుకుంటూ పో, ఇక కింద పెరిగేదంతా శుభ్రం. ఇప్పటికీ అదే పద్ధతి. వంద కిలోలు దాటిన సిలికాన్ దిమ్మె ఆ సన్నటి మెడకి వేలాడుతూ పెరుగుతుంది. మెడలో డిస్‌లొకేషన్ లేదు కాబట్టే అంత బరువు మోస్తుంది. మనం రాసిన ప్రతి ఫర్ లూప్ ఆ మెడ కింద పెరిగిన రాతి మీదే నడుస్తోంది. దీన్ని మనకి సంబంధం లేని విషయం అని మనమే సంతకం పెట్టి ఇచ్చాం.

రెండోది కాస్త స్వార్థం. లక్షల డిస్‌లొకేషన్లు ఒకేసారి కదిలితే ఏమవుతుందో చేత్తో లెక్క కట్టలేం, కంప్యూటర్ మీదే చెయ్యాలి. అమెరికాలో లారెన్స్ లివర్మోర్ ల్యాబ్‌లో దీనికోసమే పెద్ద ప్రోగ్రాములు రాశారు. ఒక పద్ధతిలో ప్రతి గీతనీ నోడ్లుగా, వాటిని కలిపే ముక్కలుగా పెట్టుకుంటారు. అంటే గ్రాఫ్. రెండు గీతలు తగిలితే నోడ్లు కలపాలి, విడిపోతే చీల్చాలి, వంపు ఎక్కువైనచోట కొత్త నోడ్లు పెట్టాలి. గీతలు ఒకేచోట పోగవుతాయి కాబట్టి ఒక ప్రాసెసర్‌కి పని ఎక్కువై, పక్కది ఖాళీగా కూర్చుంటుంది. కొలిజన్ డిటెక్షన్, డైనమిక్ గ్రాఫ్, లోడ్ బ్యాలెన్సింగ్! మనం థర్డ్ ఇయర్‌లో విడివిడిగా చదివేవన్నీ ఒకే సమస్యలో. 2017లో అదే ల్యాబ్ వాళ్లు గీతల సంగతి పక్కనపెట్టి, టాంటలమ్ లోహంలో కోట్ల కొద్దీ అణువులని నేరుగా లెక్కవేసి, డిస్‌లొకేషన్లు వాటంతటవే పుట్టి చిక్కుపడటం చూపించారు. ఇలాంటి పనికి మెటలర్జీ తెలిసినవాళ్లూ కావాలి, కోడ్ తెలిసినవాళ్లూ కావాలి. రెండూ కొంచెం కొంచెం తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే ఊహించండి.

అయితే అర్జీలో ఒక మాటతో నేను ఇప్పటికీ ఏకీభవిస్తాను. ఇప్పుడు చెప్తున్న పద్ధతిలో ఈ యూనిట్ ఎవరికీ అక్కర్లేదు, మెకానికల్ వాళ్లకి కూడా. ఆరు పేజీల పీడీఎఫ్, నాలుగు బొమ్మలు, "డిఫైన్", "లిస్ట్", "డిఫరెన్షియేట్". నేను ఫెయిలైంది సబ్జెక్ట్ కష్టమై కాదు, రెండు జాబితాలు కలగాపులగం అయ్యి. మా మేడమ్ తప్పు అనను, ఆవిడకి ఆ యూనిట్‌కి ఇచ్చింది ఐదు గంటలు.

ఆ ఐదు గంటల్లో ఒక గంట ఇలా వాడమని నా కోరిక. ఒక్కొక్కరికీ ఇంటి వైరింగ్‌లో వాడే రాగి తీగ, జానెడు, పైన ప్లాస్టిక్ తీసేసి ఇవ్వండి. ఒకచోట వంచమనండి, సులువుగా వంగుతుంది. ఇప్పుడు దాన్ని సరిగ్గా మునుపటిలా తిన్నగా చెయ్యమనండి. అవ్వదు. వంచినచోట గట్టిపడి, దాని పక్కన కొత్తచోట వంగుతుంది. నేను ఇంట్లో చేశాను, పది నిమిషాలు తిప్పలుపడ్డాను. తర్వాత కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని మంట మీద సన్నగా ఎర్రబడేదాకా కాల్చి చల్లార్చితే మళ్లీ దారంలా లొంగింది. అమ్మ "గ్యాస్ ఏమైనా ఊరికే వస్తోందా" అంది, అది వేరే విషయం. ఆ తీగ చేతిలో పెట్టుకుని "ఎందుకు?" అని అడిగితే, మిగతా నాలుగు గంటలు పిల్లలే ప్రశ్నలు వేస్తారు. పరీక్షలో కూడా రెండు మార్కుల నిర్వచనం బదులు, "22 క్యారెట్ల గాజు ఎందుకు వంగదు?" అని అడగండి. బట్టీ పట్టి రాయడం కుదరదు.

ఫామ్ ఈ శుక్రవారం దాకా ఓపెన్‌లోనే ఉంది, ఎడిట్ చేసుకోవచ్చని ఫ్రెండ్ చెప్పాడు. నా పేరు తీసేసి, దాని కింద కామెంట్ బాక్స్‌లో "యూనిట్ ఉంచండి, తీగ ఇవ్వండి" అని రాశాను. వాడు ఒప్పుకోలేదు, కానీ కామెంట్ డిలీట్ చెయ్యలేదు. మామయ్య దగ్గర పాత వైరింగ్ తీగ ఒక చుట్ట ఉంటే తెచ్చి క్లబ్ రూమ్ బీరువాలో, కింది అరలో పెట్టాను. ఎవరైనా జానెడు కత్తిరించుకోవచ్చు. ప్లేయర్ మాత్రం మళ్లీ అక్కడే పెట్టండి, అది మామయ్యది.